రాజు గారి బండికి పెట్టని చిల్లు

జీపులో వైర్‌లెస్ సెట్టు బిగించడం నేర్పమని ఈ మధ్య కొందరు మా ఇంటికి వస్తున్నారు. కొత్తగా అమెచ్యూర్ రేడియో లైసెన్సు తెచ్చుకున్నవాళ్ళు. జీతం లేకుండా, లాభం లేకుండా, సర్కారు పెట్టే పరీక్ష రాసి మరీ ఇంకో ఊరివాడితో సెట్టు మీద మాట్లాడటం ఈ అమెచ్యూర్ రేడియో. ఎందుకని అడిగేవాళ్ళకు మా దగ్గర సరైన జవాబు లేదు. వరదలప్పుడు మాత్రం ఎవరూ అడగరు.

నేను ముప్పై మూడేళ్ళు ఒక ప్రభుత్వ శాఖ వైర్‌లెస్ విభాగంలో పనిచేశాను. ముందు తాడేపల్లిగూడెంలో, తరువాత ఏలూరులో. అధికారుల జీపుల్లో సెట్లు బిగించడం, చెడిపోతే విప్పి బాగుచేయడం నా పని. రిటైరయ్యాక కూడా అదే పని చేస్తున్నాను, అమెచ్యూర్ల కోసం. ప్రమోషన్ల సంగతి ఇక్కడ రాయను. వచ్చినవి రెండు. రెండూ ఆలస్యంగా వచ్చాయి. ఏమీ నేర్పలేదు.

ఉద్యోగంలో చేరిన రోజు నుంచి డైరీ రాస్తున్నాను. ఏ బండికి ఏ సెట్టు, ఎంత పొడుగు వైరు, ఎన్ని వోల్టులు, అన్నీ ఉంటాయి. ఒక రోజు పేజీలో మాత్రం రెండే వాక్యాలున్నాయి. "పని పూర్తి. కాఫీ బాగుంది." ఆ రోజు ఒక బండికి పెట్టవలసిన చిల్లు నేను పెట్టలేదు. దానివల్ల మరుసటి వానాకాలంలో కొల్లేరు గట్టు మీద, పాము కరిచిన ఒక మనిషి పడవ కోసం ముప్పై తొమ్మిది నిమిషాలు ఎక్కువ ఎదురుచూసింది. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు తెలుసుకోవలసినది అంతా ఆ ముప్పై తొమ్మిది నిమిషాల్లోనే ఉంది. అయినా మొదటినుంచి చెబుతాను.

పెళ్ళివారిల్లు

గూడెంలో నా మొదటి సూపర్‌వైజరు డేవిడ్ గారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాలో ఉండేవారు. బండి కిందికి దూరి పైకి వచ్చినా ఆ చొక్కాకు మరక ఉండేది కాదు. అది ఎలాగో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను సొంతంగా సెట్టు బిగించిన మొదటి జీపు ఆయనకు చూపించాను. మైకు నొక్కి ఏలూరు ఆఫీసుతో మాట్లాడించాను. గంటలాగా ఖంగున వినిపించింది. ఆయన తల ఊపారు.

"బాగుందయ్యా. ఇప్పుడు దీన్ని పెళ్ళివారిల్లు చేద్దాం."

"అంటే ఏంటండీ?"

ఆయన సీట్లో కూర్చుని ఇంజను స్టార్టు చేశారు. హెడ్‌లైట్లు వేశారు. వైపర్లు వేశారు. రెండువైపులా సిగ్నల్ లైట్లు వేశారు. ఒక చేత్తో హారన్ నొక్కి పట్టుకుని, ఇప్పుడు మాట్లాడు అన్నట్టు రెండో చేత్తో మైకు నాకు అందించారు. నొక్కాను. సెట్టు మీద దీపం ఒకసారి మినుక్కుమని ఆరిపోయింది.

"ఏమైందండీ?"

"ఏమీ కాలేదు. పెళ్ళికి చుట్టాలందరూ వచ్చారు. అన్నం చాల్లేదు."

తరువాత ఆయన చెప్పిన మాటలు ఆనాటి డైరీలో ఉన్నాయి. బండిలో ఉన్న ప్రతి వైరునూ దాన్ని చేసినవాళ్ళు ఒక పనికి సరిపడా వేసి ఉంటారు. మన సెట్టు తరువాత వచ్చిన చుట్టం. వినేటప్పుడు దానికి కాస్త కరెంటు చాలు. మాట్లాడేటప్పుడు మాత్రం పది పన్నెండు రెట్లు లాగుతుంది. అందుకని దగ్గరలో ఉంది కదా అని ఏదో ఒక వైరుకు దాన్ని తగిలించకూడదు. బ్యాటరీ దగ్గర నుంచి లావుపాటి వైర్లు రెండూ మనమే తెచ్చుకోవాలి. బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టాలి. ఇంజనుకూ మనుషులు కూర్చునే చోటుకూ మధ్య ఒక ఇనుపరేకు ఉంటుంది. దానికి చిల్లు పెట్టి, వైరు ఒరుసుకోకుండా రబ్బరు బుష్ వేసి, అందులోంచి వైర్లు లోపలికి తేవాలి. అన్నీ అయ్యాక బండిని పెళ్ళివారిల్లు చేసి చూడాలి. అప్పుడూ మాట వెళితేనే పని అయినట్టు.

ఉద్యోగంలో ఉన్నంతకాలం ఈ పద్ధతి నేను ఒక్కసారీ తప్పలేదు. సర్కారు జీపుకు చిల్లు పెడితే బాధపడేవాళ్ళు ఉండరు. ఆ సుఖం నాకు రిటైరయ్యాక గాని తెలియలేదు.

పసుపు

సొంత బండి సంగతి వేరు. ముదినేపల్లి దగ్గర మిల్లు ఉన్న ఒకాయన జీపులో సెట్టు బిగించాను. దసరా వెళ్ళిన వారానికి ఫోను చేశారు.

"ఏవండీ, మీ సెట్టుకి చెవుడొచ్చిందండీ. ఎవరు పిలిచినా పలకట్లేదు."

వెళ్ళి చూశాను. ఆయుధపూజకు బండి కడిగి, బొట్లు పెట్టి, ఏంటెన్నాకు కింద నుంచి పై దాకా బంతిపూల దండ చుట్టారు. ఏంటెన్నా మొదట్లో వైరు కలిసే చోట వేలెడు మందాన పసుపు ముద్ద పట్టించారు. అది తడిగానే లోపలికి దిగి, ఇత్తడిని పచ్చగా చేసి కూర్చుంది.

మొదట నాకు కోపం వచ్చింది. ఏంటెన్నాకు పసుపు రాయకూడదని ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. ఆయన చాలా మర్యాదగా విన్నారు. మరుసటి దసరాకు మళ్ళీ రాశారు. అప్పుడు నేను ఆ చోటుకు బిగుతైన ప్లాస్టిక్ మూత ఒకటి వేసి, "దీని మీద ఎంత కావాలంటే అంత రాసుకోండి" అన్నాను. తరువాత ఫోను రాలేదు.

దీన్నుంచి నేను తెలుసుకున్నది ఇది. బండికి పూజ ఆగదు. పూజ జరిగాక కూడా పనిచేసేలా బిగించడం మన బాధ్యత. కొల్లేరు చుట్టుపక్కల బండికి ఇంకా చాలా జరుగుతాయి. చేపల ట్రేల నీళ్ళు కారతాయి, బురద పడుతుంది, నట్లన్నీ తుప్పుపడతాయి. రంగు గీకి, మెరిసే ఇనుము మీద ఎర్త్ బిగించి, పైన గ్రీజు పూయండి. ఆరు నెలలకోసారి విప్పి చూడండి. ఇవన్నీ నేర్చుకోవచ్చు. కొత్త బండి పెట్టుకున్న ఇంట్లో డ్రిల్లు బయటికి తీయడం మాత్రం ఎవరూ నేర్పరు.

కొత్త బండి

రాజు గారిది కొల్లేరు ఒడ్డున ఒక ఊరు. చేపల చెరువులున్నాయి. లైసెన్సు పరీక్షకు నా దగ్గర చదువుకున్నారు కనుక వయసులో పెద్ద తేడా లేకపోయినా నన్ను గురువుగారూ అంటారు. గట్ల మీద బురదలో తిరగడానికి నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే కొత్త జీపు కొన్నారు. పదో రోజున సెట్టు బిగించమని పిలిచారు.

బండి వాకిట్లో ఉంది. బానెట్ మీద కుంకుమ గుర్తులు ఇంకా చెరగలేదు. పక్కన కుర్చీలో రాజు గారి అమ్మగారు వెంకాయమ్మ గారు కూర్చున్నారు. ఎనభై దాటినావిడ. నేను సంచిలోంచి డ్రిల్లు తీశాను.

"అదేం మిషను బాబూ?"

"డ్రిల్లండీ. చిన్న చిల్లు పెట్టాలి."

"కొత్త బండికా!"

"లోపల రేకుకండీ. పైకి కనపడదు."

"కనపడకపోతే మాత్రం? నిన్నగాక మొన్న పూజ చేయించాం. ఆ నిమ్మకాయలింకా ఎండనైనా ఎండలేదు. చిల్లుపడ్డ కుండే ఇంట్లో ఉంచుకోమే, చిల్లుపడ్డ బండి ఎక్కి మావాడు చెరువుల మీదకి వెళ్ళాలా?"

రాజు గారు నా వైపు చూశారు. "వేరే దారేమైనా ఉందాండీ గురువుగారూ? అమ్మ బాధపడుతోంది."

వేరే దారి ఉంది. చెడ్డ దారి ఎప్పుడూ ఉంటుంది. సెల్‌ఫోను ఛార్జింగు కోసం స్టీరింగు పక్కన ఒక సాకెట్ ఉంటుంది. దాని వెనక వైరు సన్నం. అదే వైరు వైపర్లకూ, అద్దం మీద గాలి కొట్టే బ్లోయరుకూ కూడా కరెంటిస్తుంది. దానికి సెట్టు తగిలిస్తే చిల్లు అక్కర్లేదు.

"ఉందండీ" అన్నాను.

"చూశావా అమ్మా! గురువుగారికి తెలియని దారుండదు."

వెంకాయమ్మ గారి మొహం విప్పారింది. లోపలికి కేకేసి కాఫీ తెప్పించారు. మా వైపు ఒక ఇంట్లో కాఫీ గ్లాసు చేతికి వచ్చాక ఆ ఇంటి పెద్దావిడ మాట కాదనడం జరిగే పని కాదు. తాగాను. సాకెట్ వెనక వైరుకు సెట్టు కలిపాను. మైకు నొక్కి గూడెంలో ఉన్న మా తోటి అమెచ్యూరు, లెక్చరరు ప్రసాద్ గారితో మాట్లాడాను. చక్కగా వినిపించింది.

పెళ్ళివారిల్లు చేయలేదు. మరిచిపోయానని చాలా నెలలు నాకు నేను చెప్పుకున్నాను. మరిచిపోలేదు. చేస్తే సెట్టు ఆరిపోతుందని నాకు తెలుసు. ఆరిపోతే డ్రిల్లు మళ్ళీ తీయాలి. అందుకని చేయలేదు. దీని పేరు మొహమాటం. మా ప్రాంతంలో దీన్ని మంచి గుణం కింద లెక్కవేస్తారు. పెళ్ళిళ్ళలో, పంక్తి భోజనాల్లో అది మంచి గుణమే కావచ్చు. కరెంటు పనిలో అది తెగిన వైరుతో సమానం.

ముప్పై తొమ్మిది నిమిషాలు

మరుసటి వానాకాలంలో తమ్మిలేరు, బుడమేరు వాగులు రెండూ ఒకేసారి పొంగి వచ్చి కొల్లేట్లో పడ్డాయి. సరస్సు మధ్య దిబ్బల మీదున్న లంక ఊళ్ళ చుట్టూ నీళ్ళు. రెండో రోజుకు అక్కడ సెల్‌ఫోన్లు మూగబోయాయి. మా అమెచ్యూర్లం నలుగురైదుగురం వెళ్ళి సాయం చేస్తామన్నాం. అధికారులు వరద కంట్రోల్ రూమ్ ఫోను నంబరు ఇచ్చారు. ఏలూరులో మా మేడ మీద గదిలో నా సెట్టు ఉంది. అక్కడ నేను కూర్చున్నాను. రాజు గారు జీపులో బియ్యం, పాలపొడి వేసుకుని గట్టు మీదుగా ఒక లంక ఊరికి వెళ్ళారు. ప్రతి గంటకూ మాట్లాడుకోవాలని ఒప్పందం. పన్నెండింటికి, ఒంటిగంటకు, రెండింటికి మాట్లాడారు. బండి బడి ముందు ఆపి ఉంది. వాన తెరిపి ఇచ్చింది. మాట స్పష్టంగా ఉంది.

రెండు దాటాక ఆ బళ్ళో, ఊరివాళ్ళకు వంట చేస్తున్న మార్తమ్మ గారు కట్టెల మోపులో చెయ్యి పెట్టారు. ఆ బడి పిల్లలకు మధ్యాహ్న భోజనం వండేది ఆవిడే. పాము కుడిచెయ్యి మీద కరిచింది. రాజు గారు చెయ్యి కదలకుండా కట్టి, ఆవిడను జీపులో కూర్చోబెట్టుకుని బయలుదేరారు. రెండో తూము దగ్గర గట్టుకు గండి పడి ఉంది. అవతలి ఒడ్డుకు పడవ కావాలి, అక్కడికి అంబులెన్సు రావాలి. ఆ మాట నాకు చెబితే చాలు, నేను ఫోను చేస్తాను. వాన మళ్ళీ అందుకుంది. రాజు గారు వైపర్లు వేశారు. ఎవరికైనా కనపడాలని హెడ్‌లైట్లు వేశారు. అద్దం మసకేస్తోందని బ్లోయరు వేశారు. ఇంజను ఆపితే మళ్ళీ అందుకుంటుందో లేదోనని దాన్నీ నడుస్తూనే ఉంచారు. మైకు నొక్కారు. సెట్టు ఆరిపోయింది.

ఇదంతా నాకు తరువాత తెలిసింది. ఆ రోజు మూడు గంటల నాలుగు నిమిషాలకు నాకు వినిపించింది "టుక్" అనే చప్పుడు మాత్రమే. మీటరు ముల్లు ఒకసారి లేచి పడింది. మెరుపు వల్ల అనుకున్నాను. అలవాటు కొద్దీ టైము రాశాను. మళ్ళీ టుక్. మళ్ళీ రాశాను. పది రాశాక చూస్తే మధ్యలో వ్యవధి ఒకేలా ఉంది. మెరుపులు అంత క్రమంగా రావు. సెట్టు ఆరి మళ్ళీ వెలగడానికి పట్టేంత సమయం అది.

"రాజు గారూ, మీరే అయితే ఒక్కసారి నొక్కండి" అన్నాను.

టుక్.

"నా మాట మీకు వినపడుతోంది, మీ మాట నాకు రావడం లేదు. నేను ప్రశ్నలడుగుతాను. అవునంటే ఒకటి, కాదంటే రెండు నొక్కండి."

టుక్.

ఇంతవరకూ నేను తెలివిగానే నడుచుకున్నాను. ఇక్కడి నుంచి డైరీలో ఉన్నది ఉన్నట్టు రాస్తాను. మొదటి ప్రశ్న, ఏంటెన్నా నిటారుగా ఉందా? ఒకటి. రెండో ప్రశ్న, ఏంటెన్నా వైరు ఊడిందా? రెండు. మూడు, మైకు తడిసిందా? రెండు. నాలుగు, బ్యాటరీ దీపం వెలుగుతోందా? రెండు. అయిదు, సెట్టు వేడెక్కిందా? రెండు. ప్రతి ప్రశ్నా మూడుసార్లు అడిగాను, స్పష్టత కోసం. ఒక్కోదానికి రెండేసి నిమిషాలు పట్టింది. ఆరో ప్రశ్న, మీరు క్షేమమేనా? ఒకటి. ఏడో ప్రశ్న, మీతో ఇంకెవరైనా ఉంటే వాళ్ళు క్షేమమేనా?

టుక్. ఆగి, టుక్.

ఏడో ప్రశ్న పక్కన టైము మూడూ ఇరవై ఏడు అని ఉంది. అంతసేపు నేను సెట్టు ఆరోగ్యం విచారించాను.

తరువాత కూడా గొప్పగా ఏమీ అడగలేదు. బండి పడిపోయిందా? రెండు. దెబ్బలు తగిలాయా? రెండు. జ్వరమా? రెండు. వరద నీళ్ళలో పుట్టి పెరిగినవాణ్ణి, పాము సంగతి నా బుర్రకు తట్టలేదు. "కాన్పా? కాన్పా? కాన్పా?" అని అడుగుతుంటే నా భార్య సుభద్ర మెట్లెక్కి వచ్చింది.

"ఎవరికండీ కాన్పు?"

చెప్పాను. రాజు గారి సెట్టు, నొక్కగానే ఆరిపోవడం, అంతా చెప్పాను. ఆమె ఒక నిమిషం నిలబడి విన్నది.

"మనింట్లో నేను మిక్సీ వేస్తే ఈ గదిలో లైటు తగ్గుతుంది కదండీ. అప్పుడు మీరు కిందికి అరుస్తారు, మిక్సీ ఆపమని."

"అయితే?"

"ఆయన్నీ ఆపమనండి. బండిలో ఏదో ఒకటి ఆడుతూనే ఉంటుంది కదా, ఇంత వానలో."

ముప్పై మూడేళ్ళ సర్వీసు ఉన్నవాణ్ణి ఆమె వైపు చూశాను. తరువాత మైకు నొక్కాను.

"రాజు గారూ, వైపర్లు ఆపండి. హెడ్‌లైట్లు ఆపండి. బ్లోయరు ఆపండి. అప్పుడు మాట్లాడండి."

తరువాత గొంతు వచ్చింది. బొంగురుగా, తెగుతూ వచ్చింది గాని మాట తెలిసింది.

"గురువుగారూ! మార్తమ్మ గారికి పాము కరిచిందండీ! కుడిచెయ్యి! రెండో తూము దగ్గర గండి పడింది. పడవ పంపించండి, అవతల అంబులెన్సు పెట్టించండి. తొందరగా అండీ!"

ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి ఆయనకు పావు నిమిషం పట్టలేదు. టైము మూడూ నలభై మూడు. కంట్రోల్ రూమ్‌కు ఫోను చేశాను. ఇంజను పడవ తూము దగ్గరకు చేరిందని, అంబులెన్సు ఎక్కించామని కబురు వచ్చేదాకా సుభద్ర నా పక్కనే నిలబడింది. ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

మార్తమ్మ గారు

ఆవిడ బతికారు. కుడిచేతి చిటికెనవేలు, ఉంగరపువేలు తీసేయవలసి వచ్చింది. ముందు వచ్చి ఉంటే ఆ వేళ్ళు దక్కేవా అని ఆసుపత్రిలో డాక్టరు గారిని అడిగాను. "చెప్పలేమండీ" అన్నారాయన. మర్యాదకు అన్నారో, నిజంగానే చెప్పలేరో నాకు తెలియలేదు.

ఆవిడ ఇంటికి చేరారని తెలిశాక డైరీ తీసుకుని వెళ్ళాను. నీళ్ళు తగ్గిపోయాయి. గట్టు మీద బురద ఎండి పెచ్చులు కట్టింది. ఆవిడ అరుగు మీద కూర్చుని, ఎడమచేత్తో ఉల్లిపాయల పొట్టు తీస్తున్నారు. నా గొంతు వినగానే తలెత్తారు.

"మీరేనాండీ ఆ ప్రశ్నలాయన?"

"నేనేనమ్మా."

"అయ్యబాబోయ్, ఎన్ని ప్రశ్నలండీ! ఏంటెన్నా నిటారుగా ఉందా, మైకు తడిసిందా... అన్నీ విన్నానండీ బండిలో. ఇక్కడ నా చెయ్యి కుండలా వాచిపోతుంటే, రాజు గారు ఆ బటన్ నొక్కి నొక్కి చెమటలు కక్కుతుంటే! 'పామని అడగరేంటండీ బాబూ' అని నేను అరిచాను కూడా. మీకు వినపడలేదు."

"వినపడలేదమ్మా."

"ఆ కాన్పు సంగతి అడిగారు చూడండి, అప్పుడు మాత్రం నవ్వొచ్చేసిందండీ. యాభై రెండేళ్ళు నాకు."

క్షమాపణ చెప్పడానికి వచ్చానని, ఆ రోజు సెట్టు ఆరిపోవడానికి కారణం ఇదీ అని చెప్పాను. చిల్లు సంగతి, సాకెట్ సంగతి, కాఫీ సంగతి. ఆవిడ పొట్టు తీయడం ఆపి విన్నారు.

"అంటే పెద్దమ్మగారు వద్దన్నారని మానేశారా?"

"అవునమ్మా."

"నేను బళ్ళో పిల్లలకి వండుతానండీ. ఉప్పు తగ్గించమంటే తగ్గిస్తాను. కారం వద్దంటే మానేస్తాను. ఎవరో పెద్దాళ్ళు బాధపడతారని బియ్యం కడగడం మానేస్తానాండీ?"

వృత్తి గురించి నాకు తెలిసినదంతా ఇన్ని డైరీల్లో రాశాను. ఆవిడ ఒక్క మాటలో చెప్పారు. ఏది ఇంటివాళ్ళ ఇష్టమో, ఏది పనివాడి ఇష్టమో తెలిసి ఉండాలి. ఉప్పు వాళ్ళ ఇష్టం. బియ్యం కడగడం మనది.

"ఇప్పుడైనా పెట్టారా ఆ చిల్లు?"

"ఇంకా లేదమ్మా."

నిజం. రాజు గారి ఇంటికి అప్పటికి రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ సంచిలో డ్రిల్లు ఉంది. రెండుసార్లూ కాఫీ తాగి వచ్చాను.

"మరిక్కడ కూర్చున్నారేంటండీ?" అన్నారు మార్తమ్మ గారు.

పన్నెండు మిల్లీమీటర్లు

మర్నాడు ఉదయమే వెళ్ళాను. వెంకాయమ్మ గారు అదే కుర్చీలో ఉన్నారు.

"రా బాబూ. కూర్చో, కాఫీ పెట్టిస్తాను."

"పని అయ్యాక తాగుతానండీ."

ఇంత మాట ఒకరి వాకిట్లో నేను అనడం అదే మొదటిసారి. ఆవిడ కళ్ళజోడు సరిచేసుకుని చూశారు. "మళ్ళీ ఆ మిషనే తెచ్చావా?"

"అవునండీ. ఈసారి చిల్లు పెడతాను. వద్దంటే సెట్టు విప్పి తీసుకెళ్ళిపోతాను. ఈ రెండే దారులండీ. మూడోది లేదు. అప్పుడు ఉందని చెప్పడం నా తప్పు."

రాజు గారు తన చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డారు. వెంకాయమ్మ గారు కుర్చీలోంచి లేచి బానెట్ మీద చెయ్యి వేశారు. తరువాత నాతో కాదు, బండితో అన్నట్టు అన్నారు.

"ఆ మార్తమ్మ చెయ్యి చూసొచ్చాను. నా చెయ్యి పట్టుకుని 'బాగానే ఉన్నానండీ' అంది, మూడు వేళ్ళతో." ఆగి నా వైపు తిరిగారు. "ఆడపిల్లకి చెవులు కుట్టించమా ఏంటి? ఆ పూట ఏడుస్తుంది, తరవాత బంగారం పెట్టుకుంటుంది. పెట్టు బాబూ. కానీ పదీ నలభై దాకా వర్జ్యం ఉంది. అప్పటిదాకా ఆగు."

ఆగాను. ఇది మొహమాటం కాదు, ఉప్పు లాంటిది. ఆ గంటా వృథా కాలేదు. బ్యాటరీ విప్పాను, వైర్లు కొలిచి కోశాను, రేకు వెనక ఏమీ లేదని రెండుసార్లు చూసుకున్నాను. పదీ నలభై ఒకటికి డ్రిల్లు ఆన్ చేశాను. చిల్లు పన్నెండు మిల్లీమీటర్లు. అంచులు ఆకురాయితో నున్నగా చేసి, తుప్పు పట్టకుండా రంగు పూసి, రబ్బరు బుష్ వేసి, వైర్లు లాగాను. నేను పక్కకు జరగగానే వెంకాయమ్మ గారు కుంకుమ భరిణెతో వచ్చి, వంగలేక వంగి, రబ్బరు పక్కన ఒక బొట్టు పెట్టారు. వైరుకు తగలకుండా పెట్టారు. నేను ఏమీ చెప్పవలసిన అవసరం రాలేదు.

తరువాత ఇంజను స్టార్టు చేసి బండిని పెళ్ళివారిల్లు చేశాను. హెడ్‌లైట్లు, వైపర్లు, బ్లోయరు, నాలుగు సిగ్నల్ లైట్లు. రాజు గారు హారన్ నొక్కి పట్టుకున్నారు. వీధిలోవాళ్ళు బయటికి వచ్చి చూశారు. మైకు నొక్కి గూడెం ప్రసాద్ గారిని పిలిచాను. సెట్టు దీపం కదలలేదు.

వరద తరువాత మా అమెచ్యూర్లం ఒక నియమం పెట్టుకున్నాం. ఎవరు ఎవరిని పిలిచినా మొదటి ప్రశ్న మనుషుల గురించే ఉండాలి. సెట్టు గురించి తరువాత. ప్రసాద్ గారు నియమం తప్పరు.

"వినిపిస్తోందండీ. అక్కడ అందరూ క్షేమమేనాండీ?"

జవాబు చెబుదామని బటన్ నొక్కాను. ఈలోగా కిటికీలోంచి వెంకాయమ్మ గారు తల లోపలికి పెట్టి, మైకుకు మూరెడు దూరం నుంచి, హారన్ మోతను దాటేలా అరిచారు.

"అందరం క్షేమమే బాబూ! గురువుగారింకా కాఫీ తాగలేదు, చల్లారిపోతోంది. పని అయిందేమో కాస్త కనుక్కో!"

నా బొటనవేలు బటన్ మీదే ఉంది. మాటంతా గూడెం చేరింది.

ఆ రోజు డైరీ పేజీ ఇది: "రాజు గారి బండి. చిల్లు పెట్టాను. అన్నీ వేసి చూశాను, మాట వెళ్ళింది. లైసెన్సు లేని వ్యక్తి ఒకరు సెట్టులో మాట్లాడారు, నాది పొరపాటు. పని పూర్తి. కాఫీ మళ్ళీ వేడిచేసి ఇచ్చారు."